సన్నసెగ పాత్ర

శుక్రవారము ప్రొద్దు క్రుంకినది మొదలు శనివారము రాత్రి చుక్కలు పొడుచువరకు ఇంట నిప్పు రాజేయరాదని యూదుల ధర్మశాస్త్రము విధించినది. ఆ విశ్రాంతిదినమున వేడివేడిగా భుజించుట పండుగలో నొక భాగమని వారి యాచారమే మరల చెప్పుచున్నది. పరస్పరవిరుద్ధములుగా తోచు నీ రెండు నియమములకును పొత్తు కుదుర్చుటకై తూర్పు ఐరోపాలోని యూదు గృహిణులు తరతరములుగా వండుచు వచ్చిన వంటకమునకు చోలెంట్ అని పేరు. మాంసమును, చిక్కుడు గింజలను, బార్లీని, బంగాళాదుంపలను ఒక కుండలో చేర్చి, నీరు పోసి, మూత బిగించి, ప్రొద్దు వాలకమునుపే ఊరి రొట్టెల బట్టీకి పంపెడివారు. బట్టీలో నిప్పు అప్పటికే ఆరియుండెడిది. కాని దినమంతయు రొట్టెలు కాల్చిన యా గోడలు తమలో దాచుకొనిన వేడిమిని రాత్రి పొడవునను కొంచెము కొంచెముగా విడుచుచు, తాము చల్లారుచునే కుండలోని దానిని పక్వము చేసెడివి. మరునాడు కుండను ఇంటికి తెచ్చుకొని మూత తీయునప్పటికి గింజలు చిదిమిన చిదుకునట్లు మెత్తబడి, మాంసము ఎముకను వీడి, ఇల్లంతయు కమ్మని వాసనతో నిండెడిది.

లిథువేనియా దేశపు విల్నాలో ఇట్లు కుండను మోసికొనిపోయి బట్టీవానికి అప్పగించి వచ్చిన బాలికలలో తమారా యను నామె యొకతె. ఆమె పెరిగి పెద్దదై, సముద్రము దాటి అమెరికాకు చేరిన పిమ్మట, తన కుమారునకు ఈ ముచ్చట చెప్పినది. తల్లులు చెప్పిన ముచ్చటలు పెక్కు గాలిలో కలిసిపోవును. ఇది మాత్రము యంత్రమై నిలిచినది.

ఆ కుమారుడు ఇర్వింగ్ నాక్సన్. 1902లో న్యూజెర్సీ రాష్ట్రములోని జెర్సీ సిటీలో ఆయన జన్మించునాటికి వారి యింటిపేరు నాఖుమ్‌సోన్. రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మను ధ్వనిగల పేళ్లయెడ అమెరికాలో ప్రబలిన వైమనస్యము దానిని నాక్సన్‌గా మార్పించినది. పసితనముననే తండ్రి గతించెను. కుటుంబము ఉత్తర డకోటాలోని ఫార్గోకును, అటుపిమ్మట కెనడాలోని విన్నిపెగ్‌కును తరలిపోయెను. అట్టి స్థితిలో ఆ బాలుడు టపాలో వచ్చు పాఠములు చదివి విద్యుచ్ఛాస్త్రము నేర్చి, షికాగోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇంజనీరుగా కుదురుకొనుట సామాన్యమైన దీక్ష కాదు. పేటెంటుల కొరకు వకీళ్లను ఆశ్రయింపనక్కరలేకుండ ఆ న్యాయపరీక్షలో సయితము తానే యుత్తీర్ణుడయ్యెను. విద్యుద్దీపములతో అక్షరములు వరుసగా పరుగులెత్తు వార్తాఫలకమును నిర్మించినవాడును ఆయనయే. ఇంతటి మేధావి ఒక చిక్కుడు గింజల కుండను గూర్చి సంవత్సరములకొలది ఆలోచించెనని వినినప్పుడు నాకు ఆయనయందు గౌరవము రెట్టింపగును. ఏలయన వంటింటి శ్రమను శాస్త్రవిషయముగా నెంచిన పురుషులు ఆనాడు అరుదు.

తల్లి చెప్పిన ముచ్చట ఒక్కటియే గాక షికాగో వేసవియు ఆయనను ప్రేరేపించినది. మండువేసవిలో పొయ్యి వెలిగించినచో ఇల్లంతయు కుంపటి యగును. పాత్ర వేడెక్కవలెను గాని ఇల్లు వేడెక్కరాదు. ఇదియే ఆయన ముందున్న సమస్య. 1936 మే 21వ తేదీన ఆయన పేటెంటు కొరకు దరఖాస్తు చేయగా, 1940 జనవరి 23వ తేదీన అది మంజూరయ్యెను. అందలి నిర్మాణము చూచుటకు మిక్కిలి సాధారణము: ఒక తొడుగు, దానిలో నిమిడిన లోపాత్ర, రెంటి నడుమ పాత్రను చుట్టుకొనియున్న విద్యుత్తాపకపు తీగ. పొయ్యిమీది గిన్నెకు అడుగున మాత్రమే మంట తగులును. అందుచేత అడుగంటును, మాడును, కలుపుచుండవలసి వచ్చును. ఇచ్చట వేడి ప్రక్కలనుండి పాత్రను కౌగిలించుకొనినట్లు వచ్చును గనుక ఏ యొక్క తావునను తీక్ష్ణము కాదు. అనగా రొట్టెల బట్టీ గోడలను ఆయన ఒక చిన్న పాత్ర చుట్టును కట్టెనన్నమాట. మన పల్లెలలో దాలిలో పిడకల నిప్పుమీద పాలకుండ నుంచి, ప్రొద్దుటి పాలను సాయంకాలమువరకు కాచి ఎఱ్ఱని మీగడ తీసిన ముసలమ్మలకు ఈ రహస్యము క్రొత్తది కాదు. నిప్పు ఎంత యున్నదనుటకంటె ఎంతసేపు ఎంత సమముగా నున్నదనుటయే వారికిని ప్రధానము.

ఈ యంత్రమునకు కావలసిన విద్యుత్తు ఆశ్చర్యము గొల్పునంత స్వల్పము. 1970 ప్రాంతపు పాత్రలలో తక్కువ సెగకు సుమారు 70 వాట్లు, ఎక్కువ సెగకు దానికి రెట్టింపు చాలెడిది. 70 వాట్ల చొప్పున ఎనిమిది గంటలు నడచినను ఒక యూనిట్‌లో సగమునకు మించి స్వల్పముగా మాత్రమే ఖర్చగును. రెండు మీటలున్నవి గనుక రెండు వేర్వేరు ఉష్ణోగ్రతలని పెక్కురు తలంతురు, అది పొరపాటు. చాలినంత కాలము గడచినచో రెండును నీరు మరుగు స్థానమునకు కొంచెము దిగువనే వచ్చి నిలుచును. భేదము చేరు వేగములో మాత్రమే గలదు. మొండి మాంసమునందలి కొలాజెన్ అను నారపదార్థము దీర్ఘకాలము వేడిలో నానుటచే కరిగి జెలటిన్ యగును; అందువలననే గట్టి మాంసఖండము సాయంకాలమునకు వెన్నపూసవలె మారును. మూతకు పట్టిన యావిరి చుక్కలై మరల పాత్రలోనికే రాలును గనుక నీరు ఇగిరిపోదు. ఒక హెచ్చరిక మాత్రము మరువరాదు: రాజ్మా గింజలలో ఫైటోహీమాగ్లూటినిన్ అను విషపదార్థ మొకటి యున్నది. దానిని నశింపజేయుటకు నానబెట్టి, ఆ నీరు పారబోసి, క్రొత్తనీటిలో తెర్లునట్లు చక్కగా మరిగింపవలెను. మరిగింపక పచ్చివి నేరుగా సన్నసెగపాత్రలో వేసినచో విషము తగ్గకపోగా హెచ్చుటయు కలదు. గింజల కొరకే పుట్టిన యంత్రమునందు ఈ గింజయెడల మాత్రము మెలకువ అవసరమగుట విచిత్రము.

నాక్సన్ తన పాత్రను బీనరీ యను పేర, అనగా చిక్కుడు గింజల వంటపాత్రగా, 1950 దశకమున అమ్మెను. అమ్మకము గొప్పగా సాగలేదు. 1970లో ఆయన వ్యాపారమును కాన్సస్ సిటీలోని రైవల్ సంస్థ కొనెను. పండ్లరసము తీయు పరికరములకును, డబ్బామూతలు విప్పు యంత్రములకును పేరుగన్న యా సంస్థ కొనుగోలులో ఈ పాత్ర ఒక మూల పడియున్న వస్తువు. దానిని చేతికి తీసికొని, గింజలేగాక మాంసము, పులుసులు, రొట్టెలు సయితము వండి చూచి, దాని శక్తిని గ్రహించినది ఆ సంస్థ పరీక్షావంటశాల. 1971లో షికాగో గృహోపకరణ ప్రదర్శనమున అది క్రాక్‌పాట్ అను క్రొత్తపేరుతో వెలువడినది. 1974లో లోపలి మట్టిపాత్ర తొడుగునుండి విడదీయుటకు వీలయ్యెను. అంతవరకు విద్యుత్తీగ తడవకుండ పాత్రను కడుగవలసిన యాపద తొలగినది. స్త్రీలు వేలకొలది ఉద్యోగములలోనికి ప్రవేశించుచున్న కాలమది. 1973 నాటి చమురు సంక్షోభముచే విద్యుత్తు ధరలను గూర్చి ఇంటింట చింత కలిగిన కాలమును అదియే. ఉదయము పాత్రలో పడవేసి సాయంకాలము వచ్చి వడ్డించుకొనవచ్చునను మాట ఆ సమయమునకు సరిగ్గా తగినది. 1975లో మేబెల్ హాఫ్‌మన్ వ్రాసిన ఈ పాత్ర వంటల పుస్తకము లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోయెను.

ఇంతవరకును ఈ పాత్ర ఎదుర్కొనినవి మొండి పదార్థములు: ఎండిన గింజలు, నారపట్టిన మాంసము. దానికి నిజమైన పరీక్ష అతిసుకుమారమైన చాకొలేటు కరగించునప్పుడు వచ్చినది. ఫాండ్యూ అనగా ఫ్రెంచి భాషలో కరగినదని యర్థము. స్విట్జర్లాండు కొండప్రాంతములవారు మట్టిపాత్రలో జున్నును ద్రాక్షసారాయముతో కరగించి, రొట్టెముక్కలు పుల్లలకు గుచ్చి ముంచి తినుట పూర్వాచారము. దానికి చాకొలేటు రూపము మాత్రము న్యూయార్కులో వచ్చినది. ఆ నగరమున షాలే స్విస్ అను భోజనశాల నడపిన కాన్రాడ్ ఎగ్లీ అను స్విస్ దేశీయుడు 1960 దశకపు నడిమి సంవత్సరములలో టోబ్లరోన్ చాకొలేటును మీగడతో కరగించి, పండ్లముక్కలతో వడ్డించెను. అది ఇంటింటికి వ్యాపించి కొంతకాలమునకు సన్నసెగపాత్రను కలిసికొనినది. కలిసికొనక తప్పదు, రెంటి స్వభావమును సన్నసెగయే కదా.

అయినను ఈ కలయిక కనబడునంత సులువు కాదు. చాకొలేటులోని కోకో వెన్న సుమారు 34 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కరగును. మానవదేహపు వేడి దానికంటె కొంచెము ఎక్కువ. నోటిలో నుంచినంతనే అది జారిపోవుటకు కారణమిదియే. నల్ల చాకొలేటును 50 డిగ్రీలకు మించి, పాలచాకొలేటును 45 డిగ్రీలకు మించి వేడిచేయరాదని మిఠాయి పనివారు చెప్పుదురు. మించినచో చిక్కబడి, పలుకులు పలుకులై, మాడు రుచి పుట్టును. మన పాత్రయో వదలిపెట్టినచో 90 డిగ్రీలు దాటును. అంతకంటె గూఢమైన చిక్కు మరొకటి యున్నది. చాకొలేటనునది కోకోవెన్నలో తేలియాడు చక్కెర, కోకో పొడి రేణువుల సముదాయము. అందు తేమ లేనట్లే యెంచవలెను. దానిలో నాలుగు నీటిబొట్లు పడినచో చక్కెర తడిసి జిగురై, రేణువులన్నియు ఒండొంటిని పట్టుకొని, నిగనిగలాడు ద్రవము క్షణములో ఇసుకముద్దవలె బిగిసిపోవును. గింజలను ఎండనీయక కాపాడిన మూత, ఏ మూతనుండి యావిరి చుక్కలై రాలుటను ఇంతకుమునుపు గుణముగా మెచ్చుకొంటిమో ఆ మూతయే, ఇచ్చట చాకొలేటునకు శత్రువగును.

విచిత్రమేమన నాలుగు బొట్లు చెఱచిన దానిని నాలుగు గరిటెలు బాగుచేయును. చాకొలేటు బరువులో నాలుగవ వంతుకు మించి పాలో, మీగడయో చేరినప్పుడు చక్కెర జిగురుగా మిగులక పూర్తిగా కరగిపోవును. కోకోవెన్న సూక్ష్మబిందువులై ఆ పాలలో వ్యాపించును. ఇట్టి మిశ్రమము ఒంటరి చాకొలేటుకంటె వేడిని కొంత ఎక్కువగా తాళును. అందుచేత ఇంట చేయదలచినవారు చాకొలేటును ముందుగా వేయరాదు. పొడిగా తుడిచిన పాత్రలో 250 మిల్లీలీటర్ల చిక్కని మీగడను పోసి, తక్కువ సెగమీద అరగంటసేపు, మరుగకుండ వెచ్చబడనీయవలెను. పిమ్మట 400 గ్రాముల నల్ల చాకొలేటును సన్నగా తరిగి వేసి, వెంటనే కలుపక పది నిమిషములు ఊరకుండవలెను. వేడి ముక్కల లోపలికి దిగుటకు ఆ మాత్రము గడువు కావలెను. మూత పెట్టినచో దాని క్రింద నూలుగుడ్డ పరచవలెను. అటుపిమ్మట నడిమినుండి అంచులవైపునకు మెల్లగా త్రిప్పుచు పోగా, మొదట మచ్చలుమచ్చలుగా నున్నది క్రమముగా నొక్కటై, అద్దమువలె మెరయును. ఎప్పుడైన నూనె పైకి తేలినచో అది అతివేడి వలన విడిపోవుచున్నదని తెలిసికొని, సెగ నాపి, రెండు చెంచాల గోరువెచ్చని పాలు చేర్చి చిలికినచో తరచు మరల కూడును. ముంచు పండ్లను తడి లేకుండ తుడుచుట మంచిది; తడి పండుమీద చాకొలేటు పట్టక జారును. అరటి, స్ట్రాబెర్రీ, కమలాతొనలు, కేకుముక్కలు దీనికి తగినవి. నా మట్టునకు కొంచెము పులుపుగల కమలాతొనకు సాటి లేదు.

మిశ్రమము నునుపెక్కిన క్షణముననే మీట ఆర్పివేయవలెను. ఆర్పినచో గట్టిపడునేమో యని భయపడనక్కరలేదు. మందమైన ఆ మట్టిపాత్ర తాను త్రాగిన వేడిమిని వెంటనే విడువదు. అతిథులు బల్లచుట్టు చేరి, పుల్లలు ముంచుచు, మాటలాడుకొనుచు కూర్చున్నంతసేపు కొంచెము కొంచెముగా వదలుచునే యుండును. విల్నాలో నిప్పు ఆరిన బట్టీ గోడలు శుక్రవారము రాత్రి చేసిన పని ఇదియే.