‘బుడుగు’ – శిశుభాషయందలి హాస్యము

ముళ్లపూడి వెంకటరమణగారు రచింప, బాపుగారు చిత్రింప, 1956-57 సంవత్సరములలో ఆంధ్రపత్రిక వారపత్రికయందు వెలువడిన ‘బుడుగు’నకు ఇల్లు, ఇరుగుపొరుగు, ప్రైవేటుమాస్టరు – ఇవియే వస్తువు.

బాలుఁడే కథకుఁడు. పెద్దల పలుకుల వాచ్యార్థమే వానికిఁ దోఁచును. వ్యంగ్యము నెఱిఁగిన పాఠకుఁడు నవ్వును. కథ వాని దృష్టిని జెప్పఁగా, చిత్రము వానినే బయటినుండి చూపును.

ఇందలి భాష యపభ్రష్టమని దిద్దఁబూనుట తగదు. శ్రీకాళహస్తి దేవేరి పేరగు ‘శ్రీజ్ఞానప్రసూనాంబ’, బుడుగు నేస్తమైన బాలికకు ‘సీగానపెసూనాంబ’ యైనది. ‘శ్రీ’ ‘సిరి’ యగుటను, ‘ప్రయాణము’ ‘పయనము’ అగుటను దద్భవములని యంగీకరించు మనకు, సంయుక్తాక్షరములు సడలిన యీ శిశూచ్చారణము వింత గాదు. దానిని సవరించినచో శబ్దము శుద్ధమగును గాని, బాలుఁడును హాస్యమును నశించును. ఉపాధ్యాయులు దీనిని దోషపట్టికయందుఁ గాక ధ్వనిపరిణామపాఠమునందుఁ జూపుట మేలు.