పొలిమేర దాటిన నేరము

పామూరు, కనిగిరి ప్రాంతముల నుండి పొట్ట చేతబట్టుకొని గల్ఫు దేశములకు పోయినవారి బిడ్డలు మా తరగతులలో నున్నారు. అక్కడ మనవాడొకడు మనవారికే అన్యాయము చేసినచో ఇక్కడి కోర్టు విచారించునా అని వారడుగుట కలదు. విచారించును. కాని తాళపుచెవి ఢిల్లీలో నున్నది.

ఉదాహరణకై మేము దూరము పోనక్కరలేదు. భర్తతో ఆఫ్రికాలోని బోట్స్వానాకు కాపురమునకు పోయిన ఒక ఇల్లాలు, అక్కడ తనను హింసించిరని స్వదేశమునకు వచ్చి ఫిర్యాదు చేసినది. కేసు అప్పటి ప్రకాశం జిల్లాలోని అద్దంకి మేజిస్ట్రేటు కోర్టుకు వచ్చినది. కేంద్రప్రభుత్వము ముందుగా అనుమతింపనిదే ఇది చెల్లదని భర్త సుప్రీంకోర్టు వరకు పోయెను. 2011 సెప్టెంబరు 2న న్యాయమూర్తి అల్తమస్ కబీర్ ధర్మాసనము తీర్పు చెప్పినది: కేసును స్వీకరించుటకు అనుమతి అక్కరలేదు, ఆపై విచారణ సాగుటకు మాత్రము కావలయును. కట్నమునకు సంబంధించిన నేరములు స్వదేశములోనివి గనుక వాటికి అదియు అక్కరలేదు.

నాడు ఈ నియమము క్రిమినల్ ప్రొసీజరు కోడు 188వ సెక్షనులో నుండెను. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 208వ సెక్షనులో నున్నది.

ఇది మన పౌరుని సంగతి. నేరస్థుడును బాధితుడును పరాయివారే అయినచో? సిరియా చెరసాలలో చిత్రహింసలకు బాధ్యుడైన అన్వర్ రస్లాన్ అను అధికారికి 2022 జనవరి 13న జర్మనీలోని కోబ్లెంజ్ కోర్టు యావజ్జీవ శిక్ష విధించెను. ఆ దేశమునకు శరణార్థులై వచ్చిన బాధితులే సాక్షులైరి. మనకును 1960 నాటి జెనీవా ఒప్పందముల చట్టము కలదు. యుద్ధకాలపు ఘోరములను ఎవడు, ఎక్కడ చేసినను, ఇక్కడ దొరికినచో విచారింపవచ్చును. అక్కడను అదే తాళము: ప్రభుత్వము ఫిర్యాదు చేయనిదే కోర్టు ముట్టరాదు. జాతి సంహారపు ఒప్పందమును 1959లో ఆమోదించినను దానికి ప్రత్యేక చట్టమే చేసికొనలేదు.

పరదేశములతో పేచీలు రాకుండ అనుమతి నియమము పెట్టిరని పెద్దలందురు. కావచ్చును. కాని పామూరు నుండి ఒక కూలి తల్లి ఆ కాగితము తెచ్చుకొనుట ఎట్లు? ఈ భారము ఫిర్యాదిపై గాక పోలీసుపై ఉండవలెనని మా అభిప్రాయము.

గల్ఫులో బాధించినవాడు అచటి యజమానియైనచో ఈ దారి లేదు. ఆ దేశపు కోర్టు, మన రాయబార కార్యాలయము మాత్రమే దిక్కు. భారతీయుడైనచో, ఫిర్యాదు నమోదుకు ఢిల్లీ అనుమతి అక్కరలేదని ఠాణాలో ధైర్యముగా చెప్పవచ్చును.