సముద్రం తలుపు తీసే వేళ!

విశాఖ బీచ్‌కి వెళ్తే ఏం చేస్తారు? అలల్లో కాళ్లు తడుపుకుంటారు. మురీ మిక్చర్ తింటారు. నాలుగు ఫొటోలు దిగి ఇంటిదారి పడతారు. పక్కనే నాచుపట్టి నల్లగా కనిపించే బండల్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. కానీ రోజుకు రెండుసార్లు సముద్రం కాస్త వెనక్కి జరిగి ఆ బండల్ని బయటపెడుతుంది. అప్పుడు వంగి చూస్తే... అక్కడో పెద్ద ఊరే ఉంటుంది. ఆ ఊళ్లో పూలు వేటాడతాయి, నత్తలు షికారుకెళ్లి సొంతింటికి తిరిగొస్తాయి, పీతలు అద్దె ఇళ్లు మారుతుంటాయి!

పోటు... పాటు

సముద్రం తీరం మీదికొస్తే పోటు, వెనక్కి తగ్గితే పాటు. చంద్రుడూ, కొంతవరకు సూర్యుడూ సముద్రాన్ని ఆకర్షించడమే ఇందుకు కారణం. పోటుకీ పాటుకీ నడుమ దాదాపు ఆరుంపావు గంటల వ్యవధి. ఏ రోజుకారోజు ఈ వేళలు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంటాయి. పౌర్ణమి, అమావాస్యలప్పుడు సూర్యచంద్రులు భూమితో ఒకే వరుసలోకి వస్తారు కాబట్టి నీరు బాగా పైకొస్తుంది, అంతే బాగా వెనక్కీ పోతుంది. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో ఈ తేడా పది మీటర్లు దాటుతుంది. విశాఖలో ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూనే. బండల మీది లోకాన్ని చూడటానికి ఆ మాత్రం చాలు.

కృష్ణా, గోదావరి డెల్టాల దగ్గర తీరమంతా ఇసుకా బురదే. విశాఖ నుంచి భీమిలి వరకూ మాత్రం తూర్పు కనుమల కొండలు సముద్రాన్ని తాకుతుంటాయి. అందుకే తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం, సహజ శిలాతోరణమున్న మంగమారిపేట లాంటిచోట్ల రాతి తీరాలు కనిపిస్తాయి. అలలు కొట్టుకుపోకుండా పట్టుకుని బతకాల్సిన జీవులకు ఆ కదలని రాయే ఆధారం.

అంతస్తుల మేడ

ఆ బండల్ని ఓ మేడ అనుకోవచ్చు. ఎంతసేపు ఎండకు తట్టుకోగలదన్నదాన్ని బట్టి ఒక్కో జీవి ఒక్కో అంతస్తులో ఉంటుంది.

పై అంతస్తు బార్నకిల్స్‌ది. తెల్లగా, బుల్లి అగ్నిపర్వతాల్లా రాతికి అతుక్కుని ఉంటాయి. చూడటానికి గవ్వల్లా ఉన్నా నిజానికి ఇవి పీతలకూ రొయ్యలకూ చుట్టాలు. పిల్లగా ఉన్నప్పుడు ఈదుతూ వచ్చి, నచ్చిన రాయికి తలను అతికించేసుకుంటాయి. ఇక జన్మంతా అక్కడే! నీళ్లు రాగానే మూత తెరిచి, ఈకల్లాంటి కాళ్లతో ఆహారాన్ని లోపలికి తోసుకుంటాయి. నీళ్లు తగ్గగానే లోపల కాస్త తడి దాచుకుని తలుపు బిగించేస్తాయి. పరిణామ సిద్ధాంతంతో ప్రపంచాన్ని కుదిపేసిన చార్లెస్ డార్విన్ 1846 నుంచి ఎనిమిదేళ్ల పాటు ఈ జీవుల్నే పరిశోధించాడు.

కాస్త కిందికొస్తే ఆలిచిప్పలు, గొడుగులాంటి పెంకున్న లింపెట్ నత్తలు. పోటు సమయంలో రాతి మీది నాచు మేయడానికి బయల్దేరే లింపెట్‌లలో చాలా రకాలు పని ముగించుకుని సరిగ్గా తమ చోటికే తిరిగొస్తాయి. ఆ రాతి గతుకుకి వాటి పెంకు అంచు మూతలా సరిపోతుంది. వేరేచోట అయితే అంత గట్టిగా అతకదు, లోపలి తడి ఆరిపోతుంది.

అట్టడుగున, రాతి గుంటల్లో నీరు నిలిచిన చోట అసలు సందడి. రంగురంగుల పువ్వులా విచ్చుకున్నది సీ అనిమోన్. దాని రేకులన్నీ నిజానికి కుట్టే చేతులే. చిన్న చేపో రొయ్యో తగిలితే విషంతో స్పృహ తప్పించి నోట్లో వేసుకుంటుంది. నీరు తగ్గితే మాత్రం ముడుచుకుని జిగురు ముద్దలా మారిపోతుంది. పక్క సందులో ముళ్లబంతి లాంటి సీ అర్చిన్ అయిదు పళ్లతో నాచు గీకుతుంటుంది.

ఇక ఇసుక కూడా ఖాళీ కాదు. వాల్తేరు తీరంలో ఇసుక రేణువుల సందుల్లో జీవించే సూక్ష్మజీవులపై 1960ల తొలినాళ్లలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు పి.ఎన్.గణపతి ఆధ్వర్యంలో పరిశోధనలు జరిగాయి.

జేబులో పడ్డ గవ్వ...

ఇన్ని ఎండల్నీ అలల్నీ తట్టుకునే ఈ జీవులు మనిషి చేతికి మాత్రం తట్టుకోలేవు. రాయి కింద ఏముందో చూద్దామని పిల్లలు తిరగేస్తారు, అలాగే వదిలేసి వెళ్లిపోతారు. దాంతో నీడన బతికే జీవులు ఎండకు మాడిపోతాయి. పైభాగాన ఉన్నవి కింద పడి ఊపిరాడక చస్తాయి. ఒక్క రాయితో రెండు పేటలూ ఖాళీ!

ఏరుకొచ్చే గవ్వల సంగతీ అంతే. సన్యాసి పీతకు వెనక భాగం మెత్తగా ఉంటుంది. చచ్చిపోయిన నత్త పెంకులో దూరి దాన్ని కాపాడుకుంటుంది. ఒళ్లు పెరిగేకొద్దీ పెద్ద పెంకు వెతుక్కోవాల్సిందే. దొరకని పీతల గతేమిటి? నేల మీద తిరిగే 16 రకాల సన్యాసి పీతల్లో 10 రకాలు సీసా మూతల్లాంటి చెత్తను ఇళ్లుగా చేసుకున్నట్టు 2024లో వెలువడిన ఓ అధ్యయనం తేల్చింది. మనం గవ్వ పట్టుకొచ్చి ప్లాస్టిక్ మూత వదిలేసి వస్తున్నామన్నమాట!

పైగా కొన్నింటిని తీసుకెళ్లడం నేరం కూడా. పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు, కొన్ని అరుదైన శంఖాలకు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ కల్పించారు.

చూసొద్దామా!

* పోటుపాట్ల వేళల్ని ముందే తెలుసుకోవాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఈ వివరాలు అందిస్తుంది.

* నీరు పూర్తిగా తగ్గడానికి గంట ముందే చేరుకుంటే మంచిది. నీరు మళ్లీ పెరగడం మొదలైతే వెంటనే ఒడ్డుకు వచ్చేయాలి. అలలకు వీపు చూపించకూడదు. తుపాను హెచ్చరికలున్నప్పుడు అటువైపే వెళ్లొద్దు.

* గట్టి పట్టున్న బూట్లు తప్పనిసరి. నాచు జారుతుంది, బార్నకిల్స్ కోసేస్తాయి. వాటిని తొక్కకుండా వట్టి రాతి మీదే అడుగేయాలి.

* శంకువులా, అందమైన గీతలతో ఉండే కోన్ నత్తల్ని ముట్టుకోవద్దు. వాటిలో కొన్నింటి విషం మనుషుల ప్రాణాలే తీసింది.

* రాయి ఎత్తితే మెల్లగా ఎత్తి, ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేయాలి.

* ఒకే గుంట దగ్గర పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. మనిషి అలికిడికి దాక్కున్నవన్నీ ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. రాయి అనుకున్నది నడుస్తుంది. పిల్లలకు అంతకు మించిన ఇంద్రజాలం ఏముంటుంది!