శరీరశాస్త్ర పరిభాష: ధాతువు, కణజాలం, నాడి

శీర్ణమయ్యేది కనుక శరీరం, ఉపచయం పొందేది కనుక దేహం అని వ్యుత్పత్తి. ఒకటి హింసార్థకమైన ధాతువు నుండి, మరొకటి వృద్ధ్యర్థకమైన ధాతువు నుండి ఏర్పడ్డాయి. ఆధునిక శరీరధర్మశాస్త్రంలోని తొలిపాఠం కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు పనిచేసి నశిస్తుంది. చిన్నప్రేగు లోపలి పొర కొద్ది రోజులకే రాలి, కొత్తది ఏర్పడుతుంది. నశించడం, పెరగడం ఏకకాలంలో సాగే స్థితినే ఆ శాస్త్రం జీవం అంటుంది. ఈ సామ్యం ముచ్చటైనదే. కాని దీనిని ఆధారంగా చేసుకొని పూర్వులకు సర్వమూ తెలుసునని చెప్పడం శాస్త్రమూ కాదు, శబ్దవిచారమూ కాదు. ప్రాచీన పదాన్ని నూతన శాస్త్రం స్వీకరించినప్పుడు పాత అర్థం కూడా దానివెంట వస్తుంది. ఆ రెండర్థాలను విడదీసి చూపవలసిన బాధ్యత సంస్కృతాంధ్రాల అధ్యాపకులదే.

కణశబ్దంతో ప్రారంభించవచ్చు. 1665లో రాబర్ట్ హుక్ బెండుముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, అందులోని ఖాళీలకు లాటిన్‌లో చిన్నగది అనే అర్థమున్న పేరు పెట్టాడు. హిందీవారు కోశశబ్దం నుండి ‘కోశిక’ను గ్రహించి గది అనే భావాన్ని కొంతవరకు నిలుపుకున్నారు. తెలుగువారు ‘కణం’ అన్నారు. కణమంటే నూక, రేణువు. గది అనే భావం ఇందులో లేదు. పైగా భౌతికశాస్త్రంలోనూ కణమే ఉంది. అందువల్ల జీవకణానికీ పరమాణుకణానికీ విద్యార్థి మనస్సులో పొత్తు కుదురుతుంది. శరీరావయవాలు పరమాణుభేదంచేత అసంఖ్యేయాలని చరకుడు శారీరస్థానంలో చెప్పిన మాటను కణసిద్ధాంతంగా వ్యాఖ్యానించేవారు ఈ పొత్తు వల్లనే పొరబడుతున్నారు. చరకుని పరమాణువు విభాగానికి అందని సూక్ష్మాంశం. జీవకణమో, ఆహారం గ్రహించి, శక్తిని పుట్టించుకొని, రెండుగా చీలి మరో కణాన్ని ఇచ్చేది. కణం నుండే కణం పుడుతుందని 1858లో విర్చో స్థాపించిన తరువాతగాని ఆ సిద్ధాంతం పూర్తి కాలేదు.

కణంలోని శక్తి విషయంలో తెలుగువారికి సొంతమైన అధ్యాయం ఒకటి ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించి, అనంతరం అమెరికా చేరాడు. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తమూత్రాదుల్లోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని, 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించాడు. 1929లో ఏటీపీని వేరుచేశాడు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా దానిని కనుగొన్నాడు. కండరం సంకోచించడానికి వినియోగమయ్యే శక్తి ఈ ఏటీపీ నుండే లభిస్తుంది. రెండు శాస్త్రాల మధ్య నిలిచి పనిచేసిన సుబ్బారావు ఒకదాని పేరును మరొకదానికి అంటగట్టలేదు, కొలిచి చూపాడు.

ఒకే పనికి నియుక్తమైన కణాల సముదాయం కణజాలం. దీనికి ఫ్రెంచి మూలపదం నేతకు సంబంధించినది. మంగళగిరిలో గుంటమగ్గం మీద పడుగు పేకలు కలిసి వస్త్రమవుతున్న తీరు చూసినవారికి ఈ రూపకం బోధపరచనక్కరలేదు. చర్మం కింద, ఎముకల చుట్టూ ఉండే సంయోజక కణజాలంలో కొల్లాజెన్ పోగులు అల్లుకొని ఉండే విధానం కూడా అటువంటిదే. తెలుగు పదకర్త నేతను విడిచి వలను గ్రహించాడు. జాలమంటే వల, సమూహం. సమూహార్థం సరిపోతుంది కనుక పదం నిలిచింది. ఫ్రాన్సు దేశీయుడు బిషా సూక్ష్మదర్శిని సాయం లేకుండానే 21 కణజాలాలను లెక్కించాడు. నేడు వాటిని ఉపకళా, సంయోజక, కండర, నాడీ అని నాలుగుగా సంగ్రహిస్తారు. వీటిలో ఉపకళాశబ్దం రమ్యమైనది. ధాతువులకూ ఆశయాలకూ నడుమ హద్దుగా ఉండే పొరలను సుశ్రుతుడు కళలన్నాడు. లోపలి, వెలుపలి తలాలను కప్పే కణజాలానికి ఆ శబ్దం చక్కగా అతికింది.

ధాతుశబ్దం అలా అతకదు. రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అనే సప్తధాతువులను కణజాలాలుగా అనువదించడం నేటి పుస్తకాల్లో పరిపాటి అయింది. ధాతుసిద్ధాంతంలో ముందున్నదాని పరిపాకం నుండి తరువాతది పుడుతుంది. రక్తం రెండవది, మజ్జ ఆరవది. శరీరధర్మశాస్త్రం ప్రకారం వయోజనుల్లో రక్తకణాలు పుట్టేదే ఎముకమజ్జలో. అంటే క్రమం తలక్రిందులైంది. ధాతువును ధాతువుగానే, పోషణక్రమాన్ని వివరించిన ఒక దర్శనంగా బోధిస్తే చిక్కులేదు. కణజాలమని బోధిస్తేనే రెండు శాస్త్రాలకూ అన్యాయం.

ఈ అన్యాయం గ్రంథాలకే పరిమితం కాదు. శుక్రం సర్వధాతుసారమనే భావం జనంలో పాతుకొని, దాని నష్టమంటే రక్తనష్టమనీ బలనష్టమనీ యువకులు కుంగిపోతున్నారు. గోడల మీది ప్రకటనలు ఆ భయాన్నే సొమ్ము చేసుకుంటున్నాయి. మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో దీనికి ధాత్ సిండ్రోమ్ అని పేరుపెట్టాడు. వ్యాధి పేరులోనే ధాతుశబ్దం చేరింది. వీర్యద్రవంలో అధికభాగం శుక్రాశయాలు, పౌరుషగ్రంథి స్రవించేదే. అది రక్తం నుండి గాని మజ్జ నుండి గాని వడగట్టినది కాదు. ఇది చెప్పడానికి వైద్యుడే అక్కరలేదు, పాఠం చెప్పే పండితుడు చెప్పినా చాలు.

అస్థిసంఖ్యలోనూ వివాదమున్నట్లు కనిపిస్తుంది. చరకుడు 360 అన్నాడు, సుశ్రుతుడు 300 అన్నాడు, ఆధునికులు వయోజనునిలో 206 అంటారు. చరకుని లెక్కలో దంతాలు, వాటి గుంతలు, గోళ్లు చేరాయి. నిర్వచనం వేరైతే సంఖ్య వేరవుతుంది. శవాన్ని గడ్డితో చుట్టి, ప్రవాహంలో ఏడు రాత్రులు నాననిచ్చి, పొరపొరగా రాచి చూడాలన్న సుశ్రుతుని దృష్టి మాత్రం ఏ లెక్కకంటెనూ విలువైనది.

పరిభాషలో అత్యంత క్లిష్టమైనది నాడీశబ్దం. గొట్టం దీని మూలార్థం. మణికట్టు వద్ద వైద్యుడు చూసే నాడి ధమనీస్పందనం. చరకసుశ్రుతులు విస్తరించని ఈ పరీక్ష శార్ఙ్గధరసంహితలో స్పష్టరూపం పొందింది. యోగశాస్త్రంలో ఇడాపింగళలు నాడులు. పాఠ్యపుస్తకాల్లో మెదడు, వెన్నుపాముల నుండి వెలువడే తంతువులు నాడులు. బెంగాలీలో వాటిని స్నాయువులంటారు. సుశ్రుతుని స్నాయువులో, తొమ్మిది వందల బంధనాలు. జనవ్యవహారంలోని ‘నరం’ ఇంకా విశాలమైనది. నరానికి సూది వేశారంటే సిర, నరాల బలహీనత అంటే నాడి, మెడనరం పట్టిందంటే కండరం. మంగళగిరి ఎయిమ్స్‌లో 2018 నుండి వైద్యవిద్యార్థులు శరీరధర్మశాస్త్రాన్ని ఇంగ్లీషులోనే చదువుతున్నారు. వారివద్దకు వచ్చే రైతుకు ఉన్నది ‘నరం’ ఒక్కటే.

గుంటూరు, ప్రకాశం మండలాల పత్తి, మిరప చేలల్లో ఈ చిక్కు ప్రాణసంకటమవుతుంది. దశాబ్దాలుగా పిచికారీ చేసిన మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు చర్మం ద్వారా కూడా శరీరంలో చేరతాయి. నాడి కొసన వెలువడే ఎసిటైల్‌కోలిన్ కండరాన్ని కదిలించిన వెంటనే దానిని ఛేదించే ఎంజైము ఒకటుంది. ఈ మందు ఆ ఎంజైమును బంధిస్తుంది. ఆదేశం ఆగదు. నోట చొంగ, కంట నీరు, కనుపాపలు సూదిమొనలంతవడం, ఊపిరితిత్తుల్లో స్రావం, కండరాల అదురు, చివరకు శ్వాసకండరాల స్తంభన. ఒక అణువు చెడితే కణం, కణజాలం, వ్యవస్థ వరుసగా కూలే తీరుకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ లేదు.

ఈ రోగికి నాడి దెబ్బతిన్నదని చెబితే బంధువులు మణికట్టు పట్టి చూస్తారు. అక్కడ కొట్టుకోవడం కనిపిస్తే ఊరట చెందుతారు. అట్రోపిన్ ఇచ్చిన తరువాత కొట్టుకోవడం వేగమైతే గుండె చెడిందని భయపడతారు. నిజానికి ఆ మందు పనిచేస్తున్న లక్షణాల్లో అదొకటి. ఊపిరితిత్తులు పొడిబారేదాకా వైద్యులు దానిని ఇస్తూనే ఉంటారు. నిఘంటుకర్తలు మణికట్టు నాడికి ‘ధమనీస్పందనం’ అనీ, మెదడు నుండి వచ్చేదానికి ‘నాడి’ అనీ, సూది వేసేదానికి ‘సిర’ అనీ వేరువేరుగా స్థిరపరచి, ప్రతి ఆరోపం పక్కన జనవ్యవహారంలోని ‘నరం’ ఏ అర్థంలో వస్తుందో చూపడం ఉచితం.