తాబేలు ఎంత తిరగాలి?

పిల్లలూ! మీ చేతికి ఒక సుద్దముక్క ఇచ్చి, మిమ్మల్ని బడి వరండాలో నిలబెట్టాననుకోండి. "మూడు భుజాలూ సమానంగా ఉండే త్రిభుజం ఒకటి నడిచి చూపించండి" అన్నాను. మీరు తిన్నగా నాలుగడుగులు వేసి ఆగారు. ఇప్పుడు కుడిపక్కకు ఎన్ని డిగ్రీలు తిరగాలి?

తొందరపడకండి. ఇంట్లో ఉన్న సెల్‌ఫోను జోలికి పోకండి. ముందు మీ మనసులో ఒక జవాబు అనుకోండి. అనుకున్నారా? ఇక చదవండి.

ఈ ప్రశ్న నేను తొమ్మిదో తరగతి పిల్లలకు ఇచ్చి, ఇంటి దగ్గర ఆలోచించి రాసుకురమ్మన్నాను. మర్నాడు నోటుబుక్కులు తిరగేస్తే చాలామంది "60 డిగ్రీలు" అని రాశారు. సమబాహు త్రిభుజంలో ప్రతి కోణమూ 60 డిగ్రీలే కదా అని వాళ్ళ ధైర్యం. ఒక కుర్రవాడు మాత్రం "120 డిగ్రీలు" అని రాశాడు. అతనికి మార్కు వేశాను. మిగతావాళ్ళవి ఎర్రసిరాతో కొట్టేశాను.

"120 ఎందుకోయ్?" అని ఆ కుర్రవాణ్ణి అడిగాను. తల వంచుకున్నాడు. "ఫోనులో అలాగే చెప్పింది మాస్టారూ" అన్నాడు.

మధ్యాహ్నం బడి గంట కొట్టకముందే ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. నేను కొట్టేసిన జవాబుల్లో ఆమెదీ ఒకటి. అన్నం తిన్నాక అట్టముక్కను 60 డిగ్రీల మూలగా కత్తిరించుకొని, వరండాలో గీతలు గీసుకుంటూ నడిచిందట. "మాస్టారూ! 60 చొప్పున తిరిగితే త్రిభుజం రాలేదు. ఆరు భుజాలు వచ్చాయి. అచ్చం తేనెపట్టులో గదిలా ఉంది!" అంది. ఎందుకలా వచ్చిందో ఆ సాయంత్రంలోగా తనే తేల్చుకుంది.

ఇద్దరిలో ఎవరు ఎక్కువ నేర్చుకున్నట్టు? మార్కు ఎవరికి వచ్చింది? ఆ రోజు తప్పు చేసింది నేనే. జవాబుకు మార్కు వేశాను గాని, ఆలోచనకు వెయ్యలేదు.

పళ్ళచక్రాలతో పెరిగిన కుర్రవాడు

ఇలా నడిచి లెక్కలు నేర్చుకోవడం నా సొంత ఊహ కాదు. దీని వెనక ఒక తాబేలు కథ ఉంది.

సీమోర్ పాపర్ట్ అనే గణితవేత్త 1928లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పుట్టాడు. మీరు సెల్‌ఫోనుతో పెరుగుతున్నట్టే ఆయన మోటారు కార్లలోని పళ్ళచక్రాల ధ్యాసతో పెరిగాడు. ఒక చక్రం తిరిగితే రెండోది ఎన్నిసార్లు తిరుగుతుంది? ఈ ఆలోచన పసితనంలోనే ఆయన తలలో తిరుగుతూ ఉండేది. బళ్ళో ఎక్కాలూ సమీకరణాలూ వచ్చినప్పుడు వాటిని ఈ చక్రాల రూపంలోనే అర్థం చేసుకున్నాడట.

పెద్దయ్యాక ఆయన జెనీవాలో జాఁ పియాజే దగ్గర కొన్నేళ్ళు పనిచేశాడు. పిల్లల బుర్ర ఖాళీ కుండ కాదు, పెద్దలు నీళ్ళు పోసినట్టు చదువు పోస్తే నిండదు, పిల్లలే తమ జ్ఞానాన్ని కట్టుకుంటారు - ఇదీ పియాజే మాట. ఆ తర్వాత అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరిన పాపర్ట్‌కు ఒక ఆలోచన వచ్చింది. తనకు పళ్ళచక్రాలు ఎలా పనికివచ్చాయో, పిల్లలందరికీ కంప్యూటరు అలా పనికిరాకూడదా?

ఆ రోజుల్లో కంప్యూటరు అంటే గదంత యంత్రం. దాని దగ్గరికి పిల్లల్ని రానిచ్చేవారే తక్కువ. అయినా 1967లో పాపర్ట్, ఆయన మిత్రులు కలిసి పిల్లల కోసం 'లోగో' అనే కంప్యూటరు భాషను తయారుచేశారు. కొద్దికాలానికి ఒక తాబేలు కూడా వచ్చింది. గుండ్రటి డిప్ప, కింద చక్రాలు, పొట్టలో ఒక కలం. "ఫార్వర్డ్ 100" అంటే ముందుకు నడుస్తుంది. "రైట్ 90" అంటే నిలుచున్న చోటనే కుడికి 90 డిగ్రీలు తిరుగుతుంది. నడిచినంత మేరా కాగితం మీద గీత పడుతుంది.

ఈ తాబేలు పిల్లలకు ఏ జవాబూ చెప్పదు. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, అంతే! 60 తిరగమంటే 60 తిరుగుతుంది. బొమ్మ తప్పితే, తప్పు తాబేలుది కాదు, మన ఆజ్ఞది. అప్పుడు పిల్లవాడు తనే తాబేలై నడిచి చూస్తాడు, ఆజ్ఞ దిద్దుకుంటాడు. కంప్యూటరు పిల్లవాణ్ణి నడిపించకూడదు, పిల్లవాడే కంప్యూటరును నడిపించాలి అని పాపర్ట్ 1980లో ఒక పుస్తకమే రాశాడు.

మరి 120 ఎందుకు?

మన త్రిభుజం దగ్గరికి వద్దాం. మీరు తిరగకుండా తిన్నగా పోతూ ఉంటే ఒక సరళరేఖ వస్తుంది. మలుపు దగ్గర ఆ రేఖ నుంచి ఎంత పక్కకు మళ్ళారన్నదే మీరు తిరిగిన కోణం. అది త్రిభుజానికి బయట ఉంటుంది. లోపలి కోణం 60. సరళరేఖ మీది కోణం 180. 180లోంచి 60 తీసేస్తే 120.

ఇంకొక తమాషా చూడండి. బొమ్మ చుట్టూ నడిచి, మొదలుపెట్టిన చోటికే వచ్చి, మొదట ఎటు చూశారో అటే చూస్తూ నిలబడితే, మీరు మొత్తం ఒక చుట్టు తిరిగినట్టు. అంటే 360 డిగ్రీలు. త్రిభుజంలో మూడు 120లు. చతురస్రంలో నాలుగు 90లు. ఆరు 60లు కలిస్తే? అదే ఆ అమ్మాయికి దొరికిన తేనెపట్టు గది!

చేతికర్ర తీసేస్తే?

ఇప్పటి ఫోను పాపర్ట్ తాబేలు లాంటిది కాదు. అడిగీ అడగకముందే జవాబు చెబుతుంది. మనిషి భాషలో సంభాషించే కృత్రిమ మేధ 2022 చివరి నుంచి అందరి చేతికీ వచ్చింది. దీనివల్ల చదువు పెరుగుతుందా, తరుగుతుందా? టర్కీ దేశంలో సుమారు వెయ్యిమంది ఉన్నత పాఠశాల విద్యార్థులను లెక్కల్లో పరీక్షించి చూశారు. ఆ ఫలితాలు 2025లో ప్రచురించారు.

కొందరికి పుస్తకాలు, నోట్సులు మాత్రమే ఇచ్చారు. కొందరికి అడిగినదల్లా చెప్పే కృత్రిమ మేధను ఇచ్చారు. అభ్యాసం చేసేటప్పుడు ఈ రెండోవాళ్ళు 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత యంత్రం తీసేసి పరీక్ష పెట్టారు. అప్పుడు పుస్తకాలవాళ్ళ కంటే వీళ్ళకు 17 శాతం తక్కువ వచ్చింది! కాళ్ళు బాగున్నవాడు కర్ర పట్టుకుని నడవడం మరిగితే, కర్ర తీసేసిన రోజు తూలక ఏం చేస్తాడు?

అయితే మూడో జట్టు కూడా ఒకటి ఉంది. వాళ్ళ యంత్రం నేరుగా జవాబు చెప్పకుండా చిన్న చిన్న సూచనలు ఇచ్చేలా అమర్చారు. ఆ జట్టుకు ఇంత నష్టం రాలేదు. చూశారా! దాన్ని ఎలా వాడామన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది.

కాబట్టి ఫోనును అటకెక్కించమని నేను చెప్పను. నా చిన్నతనంలో గుండె ఎలా కొట్టుకుంటుందో తెలియాలంటే పుస్తకంలోని నలుపు తెలుపు బొమ్మే గతి. మీరు ఆ గుండెను కదులుతుండగా చూడగలరు. చూడండి! కాని ఏ ప్రశ్నకైనా ముందు మీ జవాబు, అది తప్పయినా సరే, కాగితం మీద రాయండి. ఆ తర్వాతే ఫోనును అడగండి. రెండూ తేడాగా ఉంటే ఎందుకో కనిపెట్టండి. మీ చదువు ఉన్నది ఆ తేడాలోనే.

చేసి చూడండి

మీ స్నేహితుణ్ణి తాబేలుగా నిలబెట్టండి. మీరు "ముందుకు ఇన్ని అడుగులు", "కుడికి ఇన్ని డిగ్రీలు" అని మాత్రమే ఆజ్ఞలివ్వాలి. తాబేలు సొంత తెలివి వాడకూడదు! ముందు చతురస్రం, తర్వాత త్రిభుజం నడిపించండి. కంప్యూటరు అందుబాటులో ఉన్నవారు పైథాన్ భాషలో ఇదే తాబేలును నడిపించవచ్చు. అందులో 'టర్టిల్' అనే పేరుతోనే అది ఉంది.

ఇప్పుడు అసలు పరీక్ష. చెయ్యి ఎత్తకుండా ఐదు కొనల నక్షత్రం గీయడం మీకందరికీ వచ్చు. తాబేలు చేత ఆ నక్షత్రం నడిపించాలంటే ఒక్కొక్క కొన దగ్గర ఎంత తిరగమంటారు? ఐదు మలుపులూ కలిపితే 360 వస్తుందా? రాకపోతే ఎందుకు రాలేదు?

జవాబు నేను ఇక్కడ రాయడం లేదు. ఫోనుకు తెలుసు, నాకు తెలుసు. సుద్దముక్క పట్టుకొని మీరూ తెలుసుకోండి.