పులుపును కొలవడం ఎలా?

నిమ్మరసం పులుపా, చింతపులుసు పులుపా అంటే నాలుక చటుక్కున చెబుతుంది. కాని ఒక వినెగర్ సీసా చూపించి ‘ఇందులో నూటికి ఎన్ని పాళ్ళు ఆమ్లం ఉంది?’ అని అడిగితే మాత్రం చెప్పలేదు. ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. మన దేశంలో అమ్మే వినెగర్‌లో 100 మిల్లీలీటర్లకు కనీసం 3.75 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం ఉండాలని ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. కొలిచేవారు పొరపాటు చేస్తే, చుక్క నీరు కలపని వ్యాపారి మీద నీళ్ళు కలిపాడన్న నింద పడుతుంది.

ఆమ్లం ఎంత ఉందో తెలుసుకోవాలంటే పి.హెచ్. చూస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. 1909లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ప్రవేశపెట్టిన ఈ కొలత ద్రావణంలోని హైడ్రోజన్ అయానుల సంగతి చెబుతుంది. చిక్కల్లా ఇక్కడే ఉంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వంటి బలమైన ఆమ్లం నీటిలో దాదాపు పూర్తిగా అయానులుగా విడిపోతుంది. ఎసిటిక్ ఆమ్లం అలా కాదు. మామూలు వినెగర్‌లో వెయ్యి ఆమ్ల అణువులుంటే సుమారు అయిదు మాత్రమే విడిపోతాయి. మిగిలిన 995 కదలకుండా కూర్చుంటాయి. వినెగర్ పి.హెచ్. సుమారు 2.5 ఉంటుంది. ఆ అంకెను చూసి, ఇది బలమైన ఆమ్లమే అనుకుని లెక్క కట్టామా, ఉన్న ఆమ్లంలో 200వ వంతే మన లెక్కకు వస్తుంది!

ఏటి ఇసుకలో తీసిన చెలమను చూశారా? పైకి కనిపించేది దోసెడు నీరే. తోడేకొద్దీ ఇసుకలోంచి మళ్ళీ ఊరుతుంది. ఇసుక ఎంత నీటిని దాచుకుందో తెలియాలంటే, కనిపించే నీటిని కొలిచి లాభం లేదు, ఊట ఆగేదాకా తోడాలి. బలహీన ఆమ్లమూ అంతే. క్షారం వేస్తే ఉన్న హైడ్రోజన్ అయానులు ఖర్చవుతాయి. ఆ లోటు తీర్చడానికి మరికొన్ని అణువులు విడిపోతాయి. ఇంకా క్షారం వేస్తే ఇంకా విడిపోతాయి. చివరి అణువు దాకా ఇదే వరస. అంటే, గాఢత సమానమైతే బలహీనమైన ఎసిటిక్ ఆమ్లానికీ బలమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లానికీ పట్టే క్షారం సమానమే. ఈ తోడే పనికే అంశమాపనం అని పేరు.

10 మి.లీ. వినెగర్‌ను నీటితో 100 మి.లీ. చేసి, అందులో 10 మి.లీ. శంకు ఆకారపు కుప్పెలోకి తీసుకున్నామనుకోండి. బ్యూరెట్‌లో 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ఉంది. రంగు మారేసరికి 7.0 మి.లీ. ఖర్చయింది. అయితే పలచబడిన ద్రావణం 0.07 మోలార్, అసలు వినెగర్ 0.7 మోలార్. ఎసిటిక్ ఆమ్లం అణుభారం 60 కనుక లీటరుకు 42 గ్రాములు, అంటే 4.2 శాతం. మన వ్యాపారి నిర్దోషి.

మరి రంగు మార్చే సూచికగా దేన్ని వాడాలి? వ్యాపారి పరువు దీని మీదే ఆధారపడి ఉంది. ఆమ్లం పూర్తిగా ఖర్చయినప్పుడు కుప్పెలో సోడియం ఎసిటేట్ మిగులుతుంది. అందులోని ఎసిటేట్ అయాను నీటి నుండి హైడ్రోజన్ అయానులను కొద్దిగా లాక్కుంటుంది. అందువల్ల ముగింపు వద్ద పి.హెచ్. 7 దగ్గర ఉండదు, 8.7 దగ్గరికి చేరుతుంది. ఫినాఫ్తలీన్ సుమారు 8.2 దాటాక గులాబిరంగు చూపిస్తుంది కాబట్టి అది సరిగ్గా సరిపోతుంది. మిథైల్ ఆరెంజ్ 4.4 కల్లా పసుపుపచ్చగా మారిపోతుంది. అప్పటికి ఆమ్లంలో 30 శాతమే ఖర్చయి ఉంటుంది. దాన్ని నమ్మితే 2.1 మి.లీ. దగ్గరే ఆపేసి, 4.2 శాతం వినెగర్‌ను 1.3 శాతంగా రాసేస్తాం. (గులాబిరంగు కాసేపటికి వెలిసిపోతే కంగారు పడకండి. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పని. అర నిమిషం నిలిస్తే చాలు.)

సూచికలు రాకముందు కూడా మనుషులు పులుపును కొలిచారు. 1729లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు జాఫ్రా వినెగర్‌కు పొటాషియం కార్బొనేట్ పొడిని చేర్చి, పొంగు ఆగేటప్పటికి ఎంత పొడి పట్టిందో చూసి గాఢతను అంచనా కట్టాడు.

మీ ఇంట్లోనే మంచి సూచిక ఉంది, పసుపు! పసుపులో సున్నం కలిపి పారాణి చేయడం మీరెరుగుదురు. ఆ ఎరుపు పి.హెచ్. సుమారు 7.4 వద్ద మొదలై 8.6 నాటికి బాగా తేలుతుంది, అంటే బలహీన ఆమ్లాలకు పనికివచ్చే చోటే. పెద్దవారి ఎదుట, తడిపిన సున్నం మీది తేటను మాత్రం తీసుకోండి. అది కళ్ళలో పడకూడదు. చిన్న గాజుగ్లాసులో రెండు చెంచాల నీళ్ళు, చిటికెడు పసుపు, అయిదు చుక్కల వినెగర్ వేసి, అదే డ్రాపరును కడిగి సున్నపుతేటను చుక్కచుక్కగా కలపండి. ఎరుపు నిలిచేదాకా లెక్కపెట్టండి. వంద దాకా పట్టవచ్చు, ఓపిక పట్టండి. తరువాత వినెగర్‌కు బదులు అయిదు చుక్కల నిమ్మరసం. రెండు అంకెలనూ పోలిస్తే ఏది ఎక్కువ క్షారాన్ని మింగుతుందో తెలిసిపోతుంది. అయితే వాటిని గ్రాములుగా మార్చేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి: ఎసిటిక్ ఆమ్లం అణువు ఇచ్చేది ఒక్క హైడ్రోజన్ అయానును, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం అణువు మూడింటిని ఇస్తుంది.