చేతితో పట్టుకోవడానికీ, ఫోన్‌లో ఆగడానికీ ‘హోల్డ్’ ఎందుకు?

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘హోల్డ్‌లో ఉండండి’ అంటారు. బ్యాట్ పట్టుకోవడమూ హోల్డే. కంపెనీ షేర్లు ఉన్నవాడు షేర్‌హోల్డర్. హాల్లో ఐదొందల మంది పడతారని చెప్పడానికీ ఇంగ్లిష్‌లో అదే మాట! ఒక్క పదానికి ఇన్ని పనులేమిటి?

జవాబు పశువుల మందలో ఉంది. ఇంగ్లిష్‌కు దూరపు చుట్టమైన గోతిక్ భాషలోకి 4వ శతాబ్దంలో బైబిల్‌ను అనువదించారు. అందులో ‘హల్దన్’ అంటే పశువులను కాయడం. మందను కాయాలంటే చెదరకుండా ఆపాలి, చేజారకుండా చూసుకోవాలి. పాత ఇంగ్లిష్‌లో దీని తోబుట్టువు ‘హేల్డన్’. కాయడం, ఆపడం, ఉంచుకోవడం, పట్టుకోవడం, సొంతం చేసుకోవడం: ఒకదాని వెనుక ఒకటి అర్థాలు అల్లుకున్నాయి.

చిన్న రైల్వే స్టేషన్‌ను ‘హాల్ట్’ అంటాం కదా, అదీ ఈ కుటుంబంలోదే; జర్మన్ నుంచి ఇంగ్లిష్‌లోకి, అక్కడి నుంచి మన పట్టాల మీదికి వచ్చింది.

అన్నీ చుట్టాలేననుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే. ఓడలో సరుకు నింపే అడుగు భాగాన్నీ ‘హోల్డ్’ అంటారు. దానికి మూలం బోలు, రంధ్రం అనే అర్థమున్న ‘హోల్’. పక్కనున్న ‘హోల్డ్’ను చూసి తోకకు ‘డ్’ తగిలించుకుంది, అంతే!

తెలుగులోనూ ఇలాంటి తమాషా ఉంది. పిడికిలి పట్టు మన ద్రావిడ మాట. పట్టుచీరలోని పట్టు సంస్కృత ‘పట్ట’ నుంచి వచ్చింది.